కంటికి ఆనని మహాతార

మే, జూన్ నెలల్లో రాత్రి పది గంటల వేళ, చెన్నైలో ఉత్తరం వైపు అడ్డం లేని మేడ మీద నిలబడి చూస్తే, ధ్రువ నక్షత్రానికి పైన కాస్త నారింజ ఛాయతో ఒక చుక్క కనిపిస్తుంది. దాని పేరు కోచాబ్. లఘు సప్తర్షి మండలంలో ధ్రువుడి తర్వాత అంత వెలుగున్నది అదే. దాని పక్కనే, ఒక డిగ్రీ కూడా దూరం లేని చోట, ఇంకో నక్షత్రం ఉంది. చెయ్యి చాచి చిటికెన వేలు అడ్డం పెడితే రెండూ దాని వెనక దాక్కుంటాయి. కానీ ఆ రెండోది మామూలు కంటికి ఆనదు. కేటలాగుల్లో దాన్ని 8 ఉర్సే మైనోరిస్ అంటారు. వ్యాసంలో సూర్యుడికి పదకొండు రెట్లు, వెలుగులో యాభై రెట్ల పైమాట. అయినా మన ఆకాశంలో అది మసక చుక్కే.

రెండూ ఒకే జాతి నక్షత్రాలు. గర్భంలోని హైడ్రోజన్ అయిపోయాక ఉబ్బి, చల్లబడి, నారింజ రంగుకు తిరిగిన మహాతారలు. ఒకటి కనబడి, ఒకటి కనబడకపోవడానికి కారణం ఎంతవరకు నక్షత్రంలో ఉంది, ఎంతవరకు దూరంలో ఉంది? ఈ ప్రశ్నకు సూటిగా లెక్క వేసి చెప్పవచ్చు. ఆ లెక్కకు కావాల్సిన కొలబద్దను తయారుచేసిన మనిషి బతుకులో చివరి ముప్పై ఏళ్లు గడిచింది మద్రాసులోనే.

ఆయన నార్మన్ పాగ్సన్. వెలుగును బట్టి చుక్కలను ఆరు తరగతులుగా విడదీసే పద్ధతి గ్రీకుల కాలం నుంచీ ఉంది. మొదటి తరగతివి బాగా వెలిగేవి, ఆరో తరగతివి కంటికి అతి కష్టం మీద అందేవి. ఈ తరగతుల మధ్య తేడాకు కచ్చితమైన అంకె పెట్టాలని పాగ్సన్ 1856లో ఇంగ్లండులో ఉండగా ప్రతిపాదించాడు. మాగ్నిట్యూడ్ (ఈ తరగతి అంకె) ఒకటి పెరిగితే వెలుగు రెండున్నర రెట్లు తగ్గినట్టు, ఐదు పెరిగితే సరిగ్గా వంద రెట్లు తగ్గినట్టు. 1861లో ఆయన నుంగంబాక్కంలోని మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, 1891లో చనిపోయేదాకా ఇక్కడే పనిచేశాడు. ఆ అబ్జర్వేటరీ 1792 నాటిది. దాని టెలిస్కోపును మోసిన గ్రానైట్ స్తంభం ఇప్పటికీ వాతావరణ కేంద్రం ఆవరణలో నిలబడి ఉంది. ఆ స్తంభం మీద తమిళంతో పాటు తెలుగు అక్షరాలు కూడా చెక్కి ఉన్నాయి. పాగ్సన్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఇక్కడి నుంచే ఆర్ రెటిక్యులై అనే నక్షత్రం వెలుగు పెరిగి తగ్గుతోందని కనిపెట్టాడు. అది కూడా మహాతారే. చెన్నై వాళ్లకు మహాతారల కథ పరాయిది కాదని చెప్పడానికి ఆ ఒక్కటి చాలు.

పాగ్సన్ కొలబద్ద మీద కోచాబ్ మాగ్నిట్యూడ్ సుమారు 2.1, 8 ఉర్సే మైనోరిస్‌ది 6.8. కంటి హద్దు 6 దగ్గర ఆగిపోతుంది, అదీ నల్లటి పల్లెటూరి ఆకాశంలో. రెండు నక్షత్రాల మధ్య తేడాను రెట్లలోకి మారిస్తే దాదాపు 80 వస్తుంది. అంటే మన కంటికి చేరే వెలుగులో రెండోది మొదటిదాంట్లో ఎనభయ్యో వంతు మాత్రమే. ఇప్పుడు దూరాలు చూద్దాం. కోచాబ్ 131 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే 8 ఉర్సే మైనోరిస్ 530 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. సుమారు నాలుగు రెట్లు. దూరం నాలుగు రెట్లయితే వెలుగు పదహారో వంతుకు పడిపోతుంది. కాబట్టి 80 రెట్ల తేడాలో 16 రెట్లు దూరం వల్ల వచ్చినవే. మిగిలిన ఐదు రెట్లే ఆ రెండు నక్షత్రాల మధ్య అసలు తేడా. పక్కపక్కన పెట్టి చూడగలిగితే వాటిని అన్నదమ్ములే అంటాం. మన సూర్యుణ్ణి తీసుకెళ్లి ఆ 530 కాంతి సంవత్సరాల దూరంలో పెడితే మాగ్నిట్యూడ్ 11కు దిగజారుతాడు, మామూలు బైనాక్యులర్స్‌కు కూడా దొరకడు. నక్షత్రాన్ని మసకది అనడం దాని స్థానం గురించి చెప్పడమే తప్ప దాని గుణం గురించి కాదు. ఈ సంగతి మరిచిపోయి కేటలాగులో అంకెలు చదివితే ప్రతిచోటా తప్పటడుగే.

ఈ లెక్కంతా దూరం మీద నిలబడి ఉంది కాబట్టి, దూరం ఎలా తెలిసిందో కూడా చెప్పుకోవాలి. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే ఏడాదిలో దగ్గరి నక్షత్రం వెనకున్న దూరపు చుక్కల మధ్య కొంచెం అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. దీన్ని పారలాక్స్ అంటారు. 8 ఉర్సే మైనోరిస్ విషయంలో ఆ జరుగుడు కోణం డిగ్రీలో సుమారు ఆరు లక్షలో వంతు. నేల మీది టెలిస్కోపులకు గాలి కదలికల మధ్య ఇంత చిన్న కోణం పట్టుకోవడం చాలా కష్టం. 1989లో ఎగిరిన హిప్పార్కస్ ఉపగ్రహం, 2013 డిసెంబరులో వెళ్లిన గయా ఉపగ్రహం ఈ పని చేసిపెట్టాయి. గయా రాకముందు ఎన్నో మహాతారల వ్యాసాలు, బరువులు పదిశాతం, ఇరవైశాతం అటూ ఇటూ ఊగేవి. దూరం కుదురుకున్నాకే మిగతా అంకెలు కుదురుకున్నాయి.

ఇక రంగు. 8 ఉర్సే మైనోరిస్ ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 4,850 కెల్విన్లు, సూర్యుడిది 5,770. తేడా వెయ్యి కెల్విన్ల లోపే, కానీ దాని ప్రభావం పెద్దది. వేడి వస్తువు వెలువరించే శక్తి ఉష్ణోగ్రతకు నాలుగో ఘాతంలో మారుతుంది కాబట్టి, ఈ నక్షత్రం మీద ఒక చదరపు మీటరు జాగా సూర్యుడి మీద అంతే జాగా ఇచ్చేదాంట్లో సగం మాత్రమే ఇస్తుంది. మరి మొత్తం వెలుగు యాభై రెట్లకు పైగా ఎలా వచ్చింది? ఉపరితలం పెద్దది కాబట్టి. వ్యాసం పదకొండు రెట్లకు కాస్త తక్కువగా ఉంటే వైశాల్యం 115 రెట్లు. అందులో సగం వేసుకుంటే 57. ఖగోళ శాస్త్రంలో ఇంత చిన్న గుణకారంతో ఇంత పెద్ద విషయం తేలిపోయే చోట్లు ఎక్కువ లేవు. అయితే ఈ 57 రెట్లలో కొంత పరారుణ కాంతిగా పోతుంది. కంటికి కనిపించే వెలుగు మాత్రమే లెక్కేస్తే 40 రెట్ల దగ్గర ఆగుతుంది.

నారింజ రంగు అని కేటలాగు చెప్పినా, బైనాక్యులర్స్‌లో చూసినవాళ్లకు ఆ రంగు కనబడదు. అది నక్షత్రం తప్పు కాదు. మసక వెలుగులో మన కంట్లో పనిచేసే కణాలకు రంగులు గుర్తించే శక్తి లేదు. రంగు గుర్తించే కణాలకు అంత తక్కువ వెలుగు చాలదు. అందుకే అదే దృశ్యంలో కోచాబ్ నారింజగా, దాని పక్కనున్న 8 ఉర్సే మైనోరిస్ బూడిద కలిసిన తెలుపుగా కనిపిస్తాయి. పైగా ఇది కోచాబ్ కంటే ఎనిమిది వందల కెల్విన్లు ఎక్కువ వేడిగా ఉంది, కాబట్టి దాని అసలు రంగు కూడా ముదురు నారింజ కాదు, పసుపు కలిసిన లేత నారింజ. చెన్నైలో దీన్ని చూడాలనుకునేవాళ్లకు ఇంకో ఇబ్బంది. ఇది ఉత్తర దిక్కున 28 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కదు. నగరం నుంచి చూస్తే ఆ వైపే హార్బర్, మణలి, ఎన్నూరు దీపాల వెలుగు. సూళ్లూరుపేట లోకల్ ఎక్కి పులికాట్ దగ్గరికి పోతే లెక్క తిరగబడుతుంది. నగరం వెలుగంతా దక్షిణాన వెనకబడిపోతుంది, ఉత్తరం చీకటిగా మిగులుతుంది. యాభై మిల్లీమీటర్ల బైనాక్యులర్స్‌తో అక్కడ కోచాబ్ మీద గురిపెడితే ఇది కూడా అదే చూపులో పడుతుంది.

నక్షత్రం చల్లగా ఉందంటే అది మహాతారే అయి ఉండాలని లేదు. ఇదే ఉష్ణోగ్రత ఉన్న మరుగుజ్జు నక్షత్రాలు లెక్కకు మించి ఉన్నాయి, అవి సూర్యుడి కంటే చిన్నవి. దూరం తెలియని రోజుల్లో ఏది మహాతారో, ఏది మరుగుజ్జో చెప్పిన ఆధారం వర్ణపటం, అంటే నక్షత్రం వెలుగును రంగులుగా విడదీస్తే వచ్చే, మధ్య మధ్య గీతలున్న పట్టీ. దానికి సిద్ధాంతం ఇచ్చింది భారత భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా. ఒక పరమాణువు ఎలక్ట్రాన్‌ను ఎప్పుడు పోగొట్టుకుంటుందో ఉష్ణోగ్రత ఒక్కటే నిర్ణయించదు, పీడనం కూడా నిర్ణయిస్తుందని ఆయన 1920లో సమీకరణం రాశాడు. మహాతార పై పొరలు చాలా పలచన. అక్కడ ఊడిపోయిన ఎలక్ట్రాన్‌కు తిరిగి అతుక్కోవడానికి అయాన్ (ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న పరమాణువు) అంత తేలిగ్గా ఎదురుపడదు. అందువల్ల ఒకే ఉష్ణోగ్రతలో కూడా మహాతారలో అయనీకరణ చెందిన స్ట్రాన్షియం గీతలు ముదురుగా, మరుగుజ్జులో పలచగా కనిపిస్తాయి. గీత ముదురును చూసి నక్షత్రం సైజు పసిగట్టే విద్య అక్కడ మొదలైంది.

దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లినవాడు వైను బప్పు. 1927లో చెన్నైలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగాడు. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి కావడంతో చిన్నప్పుడే టెలిస్కోపుల మధ్య తిరిగాడు, నిజాం కాలేజీలో చదివాడు. అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ఆయన బయటపెట్టిన సంగతి సరిగ్గా ఇలాంటి నారింజ నక్షత్రాలదే. వీటి వర్ణపటంలో కాల్షియం వల్ల ఏర్పడే ఒక వెడల్పాటి నల్లగీత ఉంటుంది, దాని నడిమధ్యన సన్నటి వెలుగుగీత. ఆ వెలుగుగీత ఎంత గట్టిగా ఉందన్నది నక్షత్రాన్ని బట్టి మారుతుంది, దాంతో పనిలేదు. దాని వెడల్పు మాత్రం నక్షత్రం అసలు ప్రకాశంతో పాటే పెరుగుతుంది. వెడల్పు కొలిస్తే అసలు వెలుగు తెలుస్తుంది, అసలు వెలుగును కనిపించే వెలుగుతో పోలిస్తే దూరం తెలుస్తుంది. పారలాక్స్ అందని నక్షత్రాలకు దశాబ్దాల పాటు ఇదొక నమ్మకమైన దారి. ఆ తర్వాత జవ్వాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీని నిలబెట్టింది కూడా ఆయనే. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోపుకు 1986లో ఆయన పేరు పెట్టారు. తెలుగు నేల మీద పెరిగిన శాస్త్రవేత్తల గురించి మాట్లాడుకునేటప్పుడు బప్పు పేరు రావాల్సినంతగా రావడం లేదన్నది నిజం.

పెద్దది అన్నాక ఆ పెద్దరికం ఎలాంటిదో చూడాలి. 8 ఉర్సే మైనోరిస్ ద్రవ్యరాశి సూర్యుడికి ఒకటిన్నర రెట్లు, అంతే. ఆ కాస్త సరుకు 1,200 రెట్ల ఘనపరిమాణంలో పరుచుకుని ఉంది. ఫలితంగా దాని సగటు సాంద్రత ఘనమీటరుకు రెండు కిలోల లోపే. మెరీనా ఒడ్డున మనం పీల్చే గాలి ఘనమీటరుకు 1.2 కిలోల దగ్గర ఉంటుంది. అంటే సగటున ఈ నక్షత్రం గాలి కంటే కొంచెం చిక్కన, అంతకు మించి కాదు. ఉపరితలం మీద గురుత్వాకర్షణ భూమి మీద ఉన్నదాంట్లో మూడో వంతుకు కాస్త పైన, దాదాపు అంగారకుడి మీద ఉన్నంత. సూర్యుడి ఉపరితలం మీద అది భూమికి 28 రెట్లు అని గుర్తుచేసుకుంటే, మహాతార తన పై పొరలను ఎంత వదులుగా పట్టుకుందో అర్థమవుతుంది.

సగటు అనే మాట మాత్రం ఇక్కడ బాగా దారి తప్పిస్తుంది. ఈ నక్షత్రంలో మూడో వంతు సరుకు నట్టనడుమ, భూమికి కొన్ని రెట్లే ఉండే చిన్న గోళంలో కుక్కి ఉంది. అక్కడ ఉష్ణోగ్రత పది కోట్ల కెల్విన్లు. అంటే ఇది ఒకదానితో ఒకటి పొంతన లేని రెండు వస్తువుల జంట. లోపల అతి చిక్కటి చిన్న గర్భం, చుట్టూ అతి పలచటి పెద్ద ఆవరణ. ఈ స్థితికి ఎలా చేరిందన్న కథలో మళ్లీ ఒక మద్రాసు కుర్రాడు ఎదురవుతాడు. ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో, ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. హైడ్రోజన్ అయిపోయి హీలియం బూడిదలా పేరుకున్న గర్భం, నక్షత్రం మొత్తం బరువులో సుమారు పదో వంతు దాటితే పైనున్న భారాన్ని మామూలు వాయుపీడనంతో మోయలేదని ఆయన మారియో షోన్‌బర్గ్‌తో కలిసి 1942లో చూపించాడు. మోయలేని గర్భం ముడుచుకోవాల్సిందే. సూర్యుడి లాంటి తేలిక నక్షత్రాల్లో ఎలక్ట్రాన్లు ఇరుక్కుపోయి ఇచ్చే ప్రత్యేక పీడనం ఈ ముడుచుకోవడాన్ని నెమ్మదింపజేస్తుంది. ఆ పీడనం హద్దులు తేల్చిందీ చంద్రశేఖరే. 8 ఉర్సే మైనోరిస్ లాంటి ఒకటిన్నర రెట్ల నక్షత్రం ఈ రెండు దారులూ కలిసే చోట ఉంటుంది.

గర్భం ముడుచుకుంటే పైది ఎందుకు ఉబ్బాలి? కంప్యూటర్ నమూనాలన్నీ ఇదే చూపిస్తాయి, ఆకాశంలో నక్షత్రాలూ ఇదే చూపిస్తాయి. కానీ కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పమంటే నిపుణులు ఇప్పటికీ వాదించుకుంటారు. గర్భం చుట్టూ మండే హైడ్రోజన్ పొర మరీ వేడెక్కకుండా తనను తాను సర్దుకోవాలంటే ఆవరణ వెనక్కి జరగాలన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఈ ఉబ్బుడు ఆగే చోట గర్భంలో హీలియం ఒక్కసారిగా అంటుకుంటుంది. అప్పుడు నక్షత్రం మళ్లీ ముడుచుకుని, పదకొండు సూర్యవ్యాసాల దగ్గర కుదురుగా కూర్చుని, హీలియాన్ని కార్బన్‌గా మారుస్తూ గడుపుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. మొదటిసారి ఉబ్బేటప్పుడు కూడా ప్రతి నక్షత్రం ఇదే సైజు, ఇదే రంగు, ఇదే వెలుగు దాటుకుంటూ పోతుంది. బయట నుంచి చూస్తే ఉబ్బుతున్నదీ, మళ్లీ ముడుచుకుని కూర్చున్నదీ ఒకేలా ఉంటాయి. వర్ణపటం ఎంత శ్రద్ధగా చదివినా తేడా తేలదు. ఈ ముడి విప్పింది నక్షత్రాల కంపనం. మహాతారలు లోపలి కదలికల వల్ల సన్నగా కంపిస్తుంటాయి, దాంతో వెలుగు లక్షల్లో కొన్ని వంతులు పెరిగి తగ్గుతుంది. సూర్యుడిలో ఒక కంపనానికి ఐదు నిమిషాలు పడితే, 8 ఉర్సే మైనోరిస్‌లో సుమారు ఆరు గంటలు. కంపన వేగం నుంచి గురుత్వాకర్షణ, కంపనాల మధ్య ఎడం నుంచి సాంద్రత వస్తాయి. ఆ రెండూ కలిపితే ద్రవ్యరాశి, వ్యాసం దొరుకుతాయి. ఒంటరి నక్షత్రాన్ని తూకం వేయడానికి ఇంతకంటే మంచి తక్కెడ లేదు. అంతకన్నా విలువైన సంగతి ఒకటి 2011లో కెప్లర్ టెలిస్కోపు పరిశీలనల నుంచి బయటపడింది. కొన్ని కంపనాలు గర్భం దాకా పోయి వస్తాయి. వాటి వ్యవధుల మధ్య ఎడం సుమారు 50 సెకన్లుంటే నక్షత్రం ఇంకా హైడ్రోజన్ పొర మీదే బతుకుతోంది. వంద నుంచి మూడు వందల సెకన్లుంటే గర్భంలో హీలియం అంటుకుంది. 2018లో ఎగిరిన టెస్ ఉపగ్రహం కొలతలతో 8 ఉర్సే మైనోరిస్ రెండో గుంపుదని తేలింది. అది హీలియం దశలోకి వచ్చేసిన నక్షత్రం.

ఆ నక్షత్రంలో లిథియం కూడా ఎక్కువగా ఉంది. లిథియం పాతిక లక్షల కెల్విన్లకే నాశనమైపోయే మూలకం. మహాతార ఉబ్బేటప్పుడు పై పొరలు లోతుకు పోయి కలగలుస్తాయి, లిథియం దాదాపు అంతరించాలి. నూటికి ఒకటి రెండు మహాతారల్లో మాత్రం ఇది విపరీతంగా కనిపిస్తుంది. మద్రాసు అబ్జర్వేటరీ వారసత్వం కొడైకెనాల్ మీదుగా చేరిన బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ ఈ విషయంలో ముందు వరుసలో ఉంది. అక్కడి వై. భరత్ కుమార్, బి. ఈశ్వర్ రెడ్డి బృందం రెండు వేల నారింజ మహాతారలను జల్లెడ పట్టి, కొత్తగా 15 లిథియం తారలను 2011లో ప్రకటించింది. అవి హీలియం దశ చుట్టూనే గుమిగూడి ఉన్నాయని చూపింది. 2020లో వీళ్లే ఇంకా పెద్ద లెక్కతో, తేలిక నక్షత్రాలు హీలియం దశకు చేరేసరికి లిథియం సగటున నలభై రెట్లు పెరుగుతోందని చెప్పారు. అంటే లోపల ఎక్కడో అది కొత్తగా తయారవుతోంది.

ఇక 8 ఉర్సే మైనోరిస్ అసలు పేచీ. దాని చుట్టూ 93 రోజులకు ఒకసారి తిరిగే పెద్ద గ్రహాన్ని 2015లో కొరియా శాస్త్రవేత్తలు కనిపెట్టారు. కొరియా కొండల పేర్లతో నక్షత్రానికి బెక్డు, గ్రహానికి హల్లా అని పేర్లు పెట్టారు. హల్లా ఉన్నది భూమి-సూర్యుల దూరంలో సగం దగ్గర. కానీ హీలియం అంటుకునే ముందు ఈ నక్షత్రం అదే కొలతలో 0.7 దాకా ఉబ్బి ఉండాలి. అంటే గ్రహం ఎప్పుడో దాని కడుపులో కరిగిపోయి ఉండాలి. కరగలేదు, పైగా గుండ్రటి కక్ష్యలో కుదురుగా తిరుగుతోంది. 2023లో ఈ సంగతి ప్రచురించిన బృందం ఇచ్చిన ఒక వివరణ ఏమిటంటే, ఇది మొదట ఒక నక్షత్రం కాదు, రెండు. అవి కలిసిపోవడంతో హీలియం ముందుగానే అంటుకుంది, పూర్తిగా ఉబ్బే అవసరం రాలేదు. లేదా కలిసిపోయేటప్పుడు చిమ్మిన పదార్థం నుంచే ఈ గ్రహం తర్వాత పుట్టింది. లిథియం ఎక్కువగా ఉండడం కలయిక కథకు సరిపోతుంది, కానీ బెంగళూరు బృందం చూపినట్టు ఒంటరి నక్షత్రాల్లోనూ లిథియం పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్కదాని మీద ఆధారపడలేం.

కలయిక నిజమైతే ముందుగా దెబ్బతినేది వయసు. ఉష్ణోగ్రత, వ్యాసం, వెలుగు, గురుత్వాకర్షణ ఇవన్నీ ఇప్పుడు కొలిచినవి, వాటికేమీ కాదు. వయసు మాత్రం ద్రవ్యరాశి నుంచి లెక్కకట్టేది. ఒకటిన్నర సూర్యుల బరువుతో పుట్టిన నక్షత్రానికి ఈ దశకు రావడానికి రెండు మూడు వందల కోట్ల ఏళ్లు పడుతుంది. కానీ ఆ ఒకటిన్నర రెండు తేలిక నక్షత్రాల మొత్తమైతే, అవి అంతకంటే చాలా నిదానంగా మండేవి, అసలు వయసు కొన్ని రెట్లు ఎక్కువ కావచ్చు. ముందున్నది మాత్రం రెండు కథల్లోనూ ఒకటే. గర్భంలో హీలియం దశ మొత్తం పది కోట్ల ఏళ్ల పాటు సాగుతుంది. అది ముగిశాక నక్షత్రం మళ్లీ ఉబ్బడం మొదలుపెడుతుంది, ఆ ఉబ్బుడులో హల్లా కక్ష్య లోపలికి వచ్చేస్తుంది.